ఆర్డిస్ వడ్డించిన రోజు

ఆర్డిస్ హాగెరుడ్ గొప్ప వంటగత్తె అని నేనంటే మా నార్‌హైమ్ ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. బతికుంటే ఆర్డిస్ అసలే ఒప్పుకునేది కాదు. ఆవిడ చేసే హాట్‌డిష్ మా ఊళ్లో అందరూ చేసేదే. కీమా, ఉల్లిపాయ, చిక్కుడుకాయ ముక్కలు, డబ్బాలో వచ్చే పుట్టగొడుగుల సూపు, అన్నిటి మీదా బొటనవేలంత బంగాళాదుంప ఉండలు. గాజు గిన్నెలో సర్ది ఓవెన్‌లో పెట్టి, ఆ సంగతి మరిచిపోయి వేరే పని చూసుకోవడమే. ఉప్పు తప్ప ఇంకో రుచి నాలిక్కి తగిలితే మావాళ్లు తట్టుకోలేరు. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు కాస్త మిరియాల పొడి ఎక్కువ వేసి చేశాను. మా మామగారు నీళ్ల గ్లాసు మొత్తం తాగి, "కొత్త రకంగా ఉందమ్మా," అన్నాడు. నేను సంబరపడ్డాను. మా ఊళ్లో ఆ మాటకి అర్థం 'ఇంకెప్పుడూ చెయ్యకు' అని తెలియడానికి చాలా కాలం పట్టింది.

నా పేరు లోరెట్టా. పుట్టింది పక్క ఊళ్లో, జర్మన్ క్యాథలిక్కుల ఇంట్లో. మెట్టింది నార్వే నుంచి వలసొచ్చిన ఈ లూథరన్ల ఇంట్లో. అరవై మైళ్లలో ఒక్క చెట్టు కనబడని ఈ బీటు దుంపల పొలాల మధ్య యాభై ఏళ్లుగా ఉంటున్నాను. దేవుడి మహిమ గురించి ప్రతి ఆదివారం చర్చిలో మేడ మీద వింటూనే ఉన్నాను. కళ్లారా చూసింది మాత్రం ఒక్కసారే, అదీ కింద నేలమాళిగ వంటగదిలో, అంట్ల తొట్టి దగ్గర నిలబడి.

ఊళ్లో ఎవరైనా పోతే పాస్టరు గారు ముందు ఆర్డిస్‌కి ఫోన్ చేసి, ఆ తర్వాతే శవపేటిక వాళ్లకి చేస్తారని మా ఆయన వేళాకోళం చేసేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. చావు భోజనం ఆర్డిస్ చేతిలో ఉండేది. ఆవిడ ఫోన్ చేసి, "మంగళవారం, పదకొండు," అనేది, పెట్టేసేది. ఏం తేవాలో చెప్పేది కాదు. ఎవరు ఏం తెస్తారో ఆవిడకీ తెలుసు, మనకీ తెలుసు. ఆ రోజు పొద్దున్న పొగలు కక్కుతూ గిన్నెలు మెట్లు దిగేవి. ప్రతి గిన్నె అడుగునా కాగితం టేపు మీద ఇల్లాలి పేరు ఉండేది. పైన పాటలు అవుతుంటే కింద కాఫీ వాసన, బన్నుల వాసన, జెల్లీలు గట్టిపడ్డాయో లేదో అని వేలితో పొడిచి చూసే ఆడవాళ్లు. ఎవరి గుండె పగిలినా సరే, మధ్యాహ్నానికి వాళ్ల ముందు వేడి ప్లేటు ఉండాలి. అదీ ఆర్డిస్ లెక్క.

మావాళ్లకి ఇంకో పద్ధతి ఉంది. గిన్నెలో చివరి ముక్క ఎవరూ తీసుకోరు. ముందువాడు దాన్ని సగం చేస్తాడు, వెనకవాడు ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తాడు. చివరికి ఒక్క దుంప ఉండ, దానికి కాపలాగా ఒక చెంచా మిగులుతాయి. ఆ సంగతి తెలియని రోజుల్లో, పారేస్తారేమో పాపం అనుకుని, నేనొక గిన్నె శుభ్రంగా ఊడ్చేసుకున్నాను. వెనకాల నిలబడ్డ జనం అంతా ఒక్కసారిగా కిటికీలోంచి మబ్బుల్ని చూడటం మొదలుపెట్టారు. మా అత్తగారు ఆ వారమంతా నాతో వాతావరణం గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు.

తీసుకోవడం తప్పయితే, తిండి మిగిలిన గిన్నె ఇంటికి వెళ్లడం ఆ ఇల్లాలికి తలవంపు. మరి ఈ ముడి ఎలా విప్పాలి? విప్పేది ఆర్డిస్సే. గిన్నెలన్నీ వంటగదిలోకి వచ్చాక, ఫోర్కు పట్టుకుని తొట్టి పక్కన నిలబడి, ఒక్కో గిన్నెలో మిగిలిన ఆ మూల ముక్కని తినేసేది. అదే ఆవిడ భోజనం. హాల్లో బల్ల దగ్గర కూర్చుని ఆవిడ తినడం నేను చూడలేదు. మా ఊరి ఆడవాళ్లందరి చేతివంటా, మాడిందైనా, ఉడకందైనా, ఉప్పు మరిచిందైనా, చివరి ముద్ద ఆవిడ కడుపులోకే వెళ్లేది.

"బెర్నీస్‌ది కూడా తింటారాండీ?" అని అడిగాను ఒకసారి. బెర్నీస్ హాట్‌డిష్ ఎప్పుడూ అడుగు మాడే ఉంటుంది.

"బెర్నీస్‌దయితే రెండు కప్పుల కాఫీతో మింగుతానమ్మాయ్," అంది ఆర్డిస్. "సిలువ మీద ప్రభువు ఇంతకంటే చేదు తాగాడు."

ఆ వంటగదిలో ఆవిడకి కుడిభుజం వెర్నా స్టెన్‌స్లీ. కాఫీ పని వెర్నాది. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి, సన్నగా, మాట పొదుపుగా ఉండేది. ఇద్దరూ వీపుకి వీపు ఆనించి పనిచేసేవాళ్లు. ఒకరు చెయ్యి వెనక్కి చాపితే కావాల్సిన గరిటె రెండోవాళ్లు అందించేవాళ్లు, తిరిగి చూసుకునే పని ఉండేది కాదు. వెర్నా దుంప ఉండల్ని మాలాగా గుమ్మరించేది కాదు. ఒక్కొక్కటీ ముట్టుకుని, అటూ ఇటూ సరిచేసి, దుంపల చేలో సాళ్లలా వరసలు తీర్చేది.

"ఏమే, వాటి చేత కవాతు చేయిస్తున్నావా?" అనేది ఆర్డిస్.

"నీ గిన్నెలో దూడలు పడి తొక్కినట్టుంటుంది. నాకా రాత పట్టలేదు," అనేది వెర్నా.

ఆర్డిస్ కొడుకు రాడ్నీ, వెర్నా కొడుకు డారెల్ ఒక ఈడువాళ్లు. పసితనంలో ఆ వంటగది బల్ల కింద ఒకే దుప్పటి మీద నిద్రపోయారు. పెరిగి పెద్దయ్యాక ఒకే పికప్ బండిలో తిరిగారు. ఒకడిని వెతకాలంటే రెండోవాడింటికి ఫోన్ చేస్తే సరిపోయేది.

డెబ్బై ఆరులో, అక్టోబరు నెలాఖర్న, బీటు దుంపలు తవ్వడం అయిపోయిన రోజు అది. రాత్రనకా పగలనకా లారీలు తోలిన కుర్రాళ్లు ఆ సాయంత్రం పక్క ఊరి బారుకి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు బండి రోడ్డు దిగి కాలవలో పల్టీ కొట్టింది. తోలింది డారెల్. పోయింది రాడ్నీ. డారెల్ నడుము విరిగి ఫార్గోలో ఆసుపత్రి పాలయ్యాడు. వాడు తాగి ఉన్నాడని పోలీసులు చెప్పారు. చెప్పకపోయినా ఊరికి తెలుసు.

మా ఊరివాళ్లు తిట్టరు. తిడితే బాగుండేది. మర్నాడు వెర్నా కొట్లోకి వెళితే ఆవిడతో వాతావరణం గురించి కూడా ఎవరూ మాట్లాడలేదట. ఆర్డిస్ ఇంటి వరండాలో గిన్నెల మీద గిన్నెలు, తలుపు తీయడానికి చోటు లేదు. వెర్నా గుమ్మం ముందు ఒక్క గిన్నె కూడా లేదు. ఇల్లు అమ్మేసి, బిస్మార్క్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతుందని అప్పుడే అనుకుంటున్నారు. అందరూ అర్థం చేసుకున్నది ఒకటే. రాడ్నీ చావు భోజనం వెర్నా లేకుండా గడిచిపోతే, ఆవిడ ఇంక ఆ నేలమాళిగ మెట్లు దిగలేదు. మా ఊళ్లో ఆ మెట్లు దిగలేని మనిషికి ఊరు లేనట్టే.

ఆ చావుకి ఎవరు ఎవర్ని పిలవాలో మాకెవరికీ తెలియలేదు. ఎప్పుడూ పిలిచేది ఆర్డిస్. ఇప్పుడు ఏడ్చేది ఆవిడే. నేను ఆ ఆలోచనలో ఉండగానే నా ఫోన్ మోగింది.

"లోరెట్టా. శుక్రవారం, పదకొండు."

గొంతు ఎప్పటిలాగే ఉంది. కన్నకొడుకుని పూడ్చే రోజు భోజనానికి ఆవిడే అందర్నీ పిలుస్తోంది.

"మీరెందుకండీ ఇదంతా? నేను చేస్తాను కదా, మీరు పడుకోండి," అన్నాను.

"పడుకుని ఏం చెయ్యను? చేతికి ఏదో పనుండాలమ్మాయ్. కాఫీ నువ్వు చూసుకో."

కాఫీ ఎప్పుడూ వెర్నాది. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, "మరి వెర్నా గారు?" అన్నాను.

అటువైపు గోడ గడియారం చప్పుడు వినబడింది. "చెయ్యాల్సినవాళ్లందరికీ చేశాను," అని ఆర్డిస్ ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం పొద్దున్న నేను వంటగది వెనక తలుపు తీసేసరికి మెట్టు మీద ఒక గిన్నె ఉంది. కింద పాత వార్తాపత్రికలు, పైన తువ్వాలు. ముట్టుకుంటే ఇంకా వేడిగా ఉంది. ఎత్తి చూస్తే అడుగున టేపు పీకేసిన జిగురు మరక కనబడింది. తువ్వాలు తీశాను. దుంప ఉండలు వరసలు వరసలుగా ఉన్నాయి, ఒక్కటీ పక్కకి జరగలేదు.

బెర్నీస్ నా వెనక నిలబడి చూసింది. "పేరు పీకేస్తే మాత్రం ఎవరిదో తెలియదా? గుడ్డివాడైనా చేత్తో తడిమి చెప్తాడు," అంది.

"మరి బల్ల మీద పెట్టాలిగా," అన్నాను.

"పెట్టి? ఆర్డిస్ కళ్లబడనిస్తావా? ఆ పిల్లాడి పెట్టె ఇంకా పైనే ఉంది లోరెట్టా. ఇవాళ ఒక్కరోజు దీన్ని బాయిలర్ గదిలో పెట్టు. తర్వాత నేనే తీసుకెళ్లి ఇచ్చేస్తాను."

"నిండు గిన్నె ఎలా ఇస్తారండీ ఆవిడకి?"

బెర్నీస్ వెళ్లి బన్నులు కోయడం మొదలుపెట్టింది. ఆవిడ చెడ్డ మనిషని అనుకోకండి. రాడ్నీకి చిన్నప్పుడు ఆదివారం బడిలో పాఠాలు చెప్పింది ఆవిడే. ఆర్డిస్‌ని కాపాడాలని ఆవిడ బాధ, వెర్నాని తరిమెయ్యకూడదని నా బాధ. రెండూ నిజమే కాబట్టి ఎటూ తేల్చుకోలేక, నేను గిన్నెని బల్ల చివర, ఊరబెట్టిన దుంపల సీసా వెనకాల పెట్టాను. బెర్నీస్ నన్ను ఆపలేదు, సాయమూ పట్టలేదు.

పైన ప్రార్థన అయింది. చర్చి పక్కనే ఉన్న శ్మశానంలో మట్టి వేసి అందరూ గాలికి ఎర్రబడ్డ మొహాలతో కిందికి దిగారు. ఇంటివాళ్లకి మొదటి బల్ల. ఆర్డిస్ నల్ల గౌనులో నిటారుగా కూర్చుంది. భర్త ఓర్విల్ ఆవిడకి ఒక ప్లేటులో అన్నీ కొంచెం కొంచెం పెట్టి తెచ్చి ముందు ఉంచాడు. ఆవిడ దాని వంక చూడలేదు.

జనం లైను కట్టారు. ఊరంతా వచ్చింది, చుట్టుపక్కల పొలాలవాళ్లూ వచ్చారు. నేను కాఫీ పోస్తూ బల్ల చివర మీదే కన్నేసి ఉంచాను. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. అయినా ఆ గిన్నె దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఒక్కరి ప్లేటూ నిండిపోయేది. ఒకరు ఊరబెట్టిన దుంపలు వేసుకుని మళ్లిపోయారు. ఇంకొకరు రుమాలు కోసం జేబులు తడుముకుంటూ దాటిపోయారు. ఒక ముసలాయన చెంచా చేతిలోకి తీసుకుని, ఏదో గుర్తొచ్చినవాడిలా, చప్పుడు కాకుండా మళ్లీ అక్కడే పెట్టేశాడు. అందరూ ఎంతో మర్యాదగా చేశారు.

భోజనాలయ్యాయి. గిన్నెలు ఒక్కొక్కటే వంటగదిలోకి వచ్చాయి, ఒక్కో దాంట్లో ఒక్కో మూల ముక్కతో. వెర్నా గిన్నె మాత్రం పొద్దున్న వచ్చినట్టే, నిండుగా వచ్చింది. నేను మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాను. తలుపు తెరుచుకుంది. చూస్తే ఆర్డిస్.

చనిపోయినవాళ్ల ఇంటి మనిషి వంటగదిలోకి రాకూడదు. ఆ నియమం పెట్టిందే ఆర్డిస్. దుఃఖంలో కాలు నిలవక ఎవరైనా వస్తే, "వెళ్లి కూర్చోండి, ఇవాళ మీరు తినే వంతు," అని భుజం పట్టుకుని హాల్లోకి పంపేసేది కూడా ఆవిడే.

బెర్నీస్ చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్లింది. "ఆర్డిస్, ఇవాళ నువ్వు కూర్చోవాలి."

"కూర్చున్నా. అయింది," అంది ఆర్డిస్.

సొరుగు లాగి ఫోర్కు తీసుకుంది. వరసగా గిన్నెల దగ్గరికి వెళ్లి, ఒక్కో దాంట్లో మిగిలిన ముక్కని నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది. నా గిన్నె, మా అత్తగారి గిన్నె, అడుగు మాడిన బెర్నీస్ గిన్నె. నమలడానికి కష్టపడుతోంది. మింగడానికి ఇంకా కష్టపడుతోంది. ఆ మూడు రోజుల్లో ఆవిడ నోట్లో మెతుకు పెట్టలేదని ఓర్విల్ తర్వాత చెప్పాడు. అయినా ఏ ఇల్లాలి గిన్నెనీ వదల్లేదు. మేమంతా గోడలకి ఆనుకుపోయాం.

చివరి గిన్నె దగ్గర ఆగింది. ఆ వరసల్ని చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడ మొహం ఎలా ఉందో చెప్పమంటే నేను చెప్పలేను, తల ఎత్తి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"ఇదెవరూ ముట్టుకోలేదేం?" అంది.

బెర్నీస్ తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది.

ఆర్డిస్ అరచెయ్యి గిన్నె అంచు మీద పెట్టింది. "చల్లారిపోయింది. ఓవెన్ వెలిగించమ్మాయ్."

నేను వెలిగించాను. ఆవిడ గిన్నె లోపల పెట్టి, ఓవెన్ ఎదురుగా నిలబడింది. హాల్లో కుర్చీలు కదులుతున్నాయి. తలుపు సందులోంచి చూసి, "వెళ్లిపోతున్నారండీ," అన్నాను.

"కోట్లు వేసుకోవద్దని చెప్పు."

నేను వెళ్లి చెప్పాను. జీవితంలో అంత మందికి నేనెప్పుడూ ఆజ్ఞ ఇచ్చి ఎరగను. అందరూ కోట్లు ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూర్చున్నారు. గిన్నె వేడెక్కడానికి ఎంత సేపు పట్టిందో నాకు తెలియదు. అంత మంది అంత నిశ్శబ్దంగా కూర్చోవడం పైన ప్రార్థనలో కూడా చూడలేదు.

ఆర్డిస్ గుడ్డలు పట్టుకుని గిన్నె బయటికి తీసింది. తలుపు భుజంతో తోసుకుని హాల్లోకి నడిచింది. ముందు ఓర్విల్ దగ్గర ఆగింది. బల్ల మీద గిన్నె దించి, ఒక్క దుంప ఉండని, దాని కింద ఉన్న చెంచాడు కూరతో సహా ఎత్తి, ఆయన ప్లేటులో పెట్టింది.

"వెర్నా చేసింది," అంది.

ఓర్విల్ ఆవిడ వంక చూశాడు. పోయింది ఆయన కొడుకు కూడా. ఒక్క క్షణం, ఆయన ఆ ప్లేటు విసిరికొడతాడేమో అనుకున్నాను. విసిరికొట్టినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఆయన ఫోర్కు అందుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, మింగి, "వేడిగా ఉంది," అన్నాడు.

ఆర్డిస్ పక్క కుర్చీకి జరిగింది. "వెర్నా చేసింది." ఆ పక్క కుర్చీకి. "వెర్నా చేసింది." పాస్టరు గారు లేచి నిలబడి ప్లేటు చాచారు. మా ఊళ్లో ఏదైనా మూడుసార్లు వద్దనకుండా పుచ్చుకోవడం మర్యాద కాదు. ఆ రోజు ఒక్కరు ఒక్కసారి కూడా వద్దనలేదు. చెంచా పట్టి వదిలేసిన ముసలాయన రెండు చేతులతో ప్లేటు పట్టుకున్నాడు. ఆవిడ ఒక్కరికీ కోపంగా చెప్పలేదు, బతిమాలుతున్నట్టూ చెప్పలేదు. ఏ చావులోనైనా కొసరి వడ్డించినట్టే వడ్డించింది. ఆ పేరు మాత్రం ప్రతి ఒక్కరి చెవిలో పడింది. అంతవరకూ ఆ హాల్లో పలకడానికి ఎవరికీ నోరు రాని పేరు, కొడుకుని ఇప్పుడే మట్టిలో పెట్టి వచ్చిన తల్లి నోట అన్నిసార్లు విన్నాక ఇంక దాన్ని కాదనగలిగే మనిషెవరు?

బెర్నీస్ వంటగదిలోంచి తనే ప్లేటు పట్టుకుని వచ్చింది. "నాకూ వెయ్యి, ఆర్డిస్," అంది. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

గిన్నె ఖాళీ అయ్యాక ఆర్డిస్ దాన్ని తొట్టి దగ్గరికి తెచ్చింది. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు, తనే తోమింది, తనే తుడిచింది. "నీ కారు దగ్గర్లో ఉందా?" అంది నాతో.

కథని చివరిదాకా దాచి చెప్పడం నాకు చేతకాదు కాబట్టి ఆ తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. వెర్నా బిస్మార్క్ వెళ్లలేదు. డారెల్ కోర్టు వేసిన శిక్ష అనుభవించి, కుంటుకుంటూ తిరిగి వచ్చి, ఈ ఊళ్లోనే ముసలివాడయ్యాడు. ఆర్డిస్, వెర్నా ఇంకో ఇరవై ఏళ్లు ఆ వంటగదిలో వీపుకి వీపు ఆనించి నిలబడ్డారు. వాళ్లమధ్య ఏ క్షమాపణా జరిగినట్టు నేను వినలేదు. ఆ సాయంత్రం ఏం జరిగిందో చూసింది నేనొక్కదాన్నే.

వెర్నా ఇంటి ముందు కారు ఆపాను. వరండా ఖాళీగా ఉంది. ఆర్డిస్ తలుపు తట్టకుండానే తీసింది. వెర్నా వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. చర్చికి వేసుకునే గౌను, బూట్లు, టోపీ అన్నీ వేసుకుని ఉంది. పొద్దున్న చావుకని తయారై, గడప దాటలేక, అలాగే కూర్చుండిపోయినట్టుంది.

"గిన్నె తెచ్చా," అంది ఆర్డిస్.

వెర్నా గిన్నె వంక చూడలేదు. "ఎవరైనా ముట్టుకున్నారా?"

"అందరూ తిన్నారు."

"అబద్ధాలాడకు ఆర్డిస్. నీకు రాదు."

"ముందు తినలేదు. తర్వాత తిన్నారు." ఆర్డిస్ గిన్నె బల్ల మీద పెట్టింది. "ఊళ్లో అందరికీ ఫోన్ చేశా. నీకు చెయ్యలేదు. నీ నంబరు సగం తిప్పి ఆపేశా. నీ మీద, నీ కొడుకు మీద కడుపులో మంటగా ఉంది. ఇంకా ఉంది. ఎప్పటికి పోతుందో, పోతుందో లేదో కూడా నాకు తెలీదు."

"ఉండనీ," అంది వెర్నా. "నేనే ఇక్కణ్నుంచి వెళ్లిపోతా. నీకు ఎదురుపడను."

"వెళ్తే వెళ్దువు గానిలే. ముందు నాకొకటి చెప్పు." ఆర్డిస్ గొంతు అప్పుడు, ఆ వారంలో మొదటిసారి, జీరపోయింది. "ఇంకెవర్ని అడగాలో నాకు తెలీలేదు. ఆ రోజు లారీ దిగి వాడు ఇంటికి రాలేదు. తెల్లారి ఉత్త కాఫీ తాగి పోయినవాడు. వస్తాడని అన్నీ ఓవెన్‌లో పెట్టుకుని కూర్చున్నా. ఈ ఊళ్లో ఎవరు పోయినా అందరికీ నేనే పెట్టానే వెర్నా. నా బిడ్డ... వాడేమన్నా తిన్నాడా ఆ రోజు?"

వెర్నా అప్పుడు తలెత్తింది.

"తిన్నాడు," అంది. "ఇక్కడే తిన్నాడు. ఇద్దరూ దుంపల మట్టి చేతులతో వచ్చి కూర్చుంటే కసిరి లేపాను. కడుక్కుని వచ్చి, తిని, మళ్లీ వెయ్యమని గిన్నె ముందుకు జరిపాడు. 'నీదే బాగుంటుంది పిన్నీ, మా అమ్మకి చెప్పకు,' అన్నాడు."

"దొంగ వెధవ," అంది ఆర్డిస్. నవ్వబోయింది, కుదరలేదు. "ఏ కుర్చీ?"

వెర్నా చూపించింది. ఆర్డిస్ కోటయినా విప్పకుండా ఆ కుర్చీలో కూర్చుని, బల్ల మీద తల వాల్చేసింది. వెర్నా లేచి వచ్చి వెనక నిలబడి, ఆవిడ భుజాలు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"అయితే ఆకలితో పోలేదు," అంటోంది ఆర్డిస్, ఏడుస్తూ. "ఆకలితో పోలేదు వాడు."